మూలెహొళె అడవిలో మట్టి నీటి వెంట

ఆదివారం

బెంగళూరు నుంచి మైసూరు దాకా దారి గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. నంజనగూడు దగ్గర కబిని వంతెన మీదికి రాగానే మా మేనకోడలు బండి వేగం తగ్గించమంది. అక్టోబరు మొదటి వారం. నైరుతి వానలు వెనుదిరుగుతున్నా నది ఇంకా నిండుగా, ఎర్రగా ఉంది.

"మామయ్యా, ఆ ఎరుపంతా వడపోత కాగితం మీద ఆగిపోయేదే. నాకు కావలసింది కాగితాన్ని దాటిపోయేది," అంది.

కాగితాన్ని దాటిపోయేది అంటే నీటిలో పూర్తిగా కరిగిపోయి కంటికి కనిపించని సోడియం, కాల్షియం, మెగ్నీషియం, సిలికా. రాయి రాయిగా ఉండడం మానేసినప్పుడు దానిలో కొంత మట్టిగా మిగులుతుంది, కొంత ఇలా నీటితో వెళ్లిపోతుంది. వెళ్లిపోయినదాన్ని కొలిస్తే రాయి ఎంత వేగంగా శిథిలమవుతోందో చెప్పవచ్చు. ఆమె పరిశోధన అదే. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. సీసాలు మోయడానికి, అంకెలు రాసుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడంటే బయలుదేరాను.

గుండ్లుపేట దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఊటీ వైపు, రెండోది సుల్తాన్ బత్తేరి మీదుగా కోళికోడ్ వైపు. మాది రెండోది, 766వ నంబరు జాతీయ రహదారి. బండీపుర అడవిలో ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. అందుకే రాత్రికి గుండ్లుపేటలోనే ఆగిపోయాం.

సోమవారం

ఉదయం తనిఖీ చౌకీ దగ్గర అనుమతి కాగితాలు చూపించి, అటవీ శాఖ వాచర్‌ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాం. వాచర్ లేకుండా అడుగు వేయడానికి వీల్లేదు. ఆయన ముందు నడుస్తాడు, చెట్ల మధ్య ఆగి వింటాడు, చెయ్యి ఊపితే మనం కదలాలి. ఏనుగుల సంగతి ఆయనకు వదిలేసి మేం నేల వైపు చూస్తూ నడిచాం.

మూలెహొళె ఒక చిన్న వాగు. దానికి నీరందించే పరీవాహక ప్రాంతం మొత్తం నాలుగు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. దాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఫ్రాన్స్‌కు చెందిన ఐఆర్‌డీ అనే పరిశోధన సంస్థ కలిసి 2000ల తొలి సంవత్సరాల నుంచి కనిపెట్టి చూస్తున్నాయి. స్థలం ఎంపికలో తెలివి ఉంది. పశ్చిమ కనుమల కొమ్ము మీద ఏటా వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడి నుంచి తూర్పుకు వంద కిలోమీటర్లయినా రాకముందే అది 700కు పడిపోతుంది. మూలెహొళె ఆ రెండింటికీ మధ్యన, ఏటా సగటున సుమారు 1100 మిల్లీమీటర్ల వానతో ఉంది. అడుగున నైస్ అనే చారల శిల, అక్కడక్కడ దాన్ని కోస్తూ ఆంఫిబోలైట్ అనే నల్లటి రాయి. పైన చిరుమాను, టేకు, నల్లమద్ది చెట్ల అడవి. ఎరువు లేదు, దుక్కి లేదు, బోరు లేదు. రాయి, వాన, చెట్టు మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఆ మూడింటితోనే తల తిరిగిపోతుందని బుధవారం తెలిసింది.

మొదటి మజిలీ వాలు మీది ఎర్ర నేల. పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం ఇదే. అక్కడ మట్టిలో నాలుగు లైసిమీటర్లు, అంటే మట్టి నీటిని పీల్చి తీసే పరికరాలు, పాతి ఉన్నాయి: 30 సెంటీమీటర్ల లోతున ఒకటి, తర్వాత 60, మీటరు, రెండు మీటర్లు. ఒక్కోటి ఒక సన్నని గొట్టం, దాని కొసన సన్నటి రంధ్రాలున్న పింగాణీ మూతి. పైన రబ్బరు బిరడా, అందులోంచి బయటికి వచ్చే రెండు చిన్న ట్యూబులు. చూడడానికి ఇంతే.

మట్టిలోని నీరు బావిలోని నీటిలా తనంతట తాను వచ్చి చేరదు. రేణువుల మధ్య సందుల్లో పట్టుకుని ఉంటుంది, దాన్ని పీల్చాలి. చేతిపంపుతో గొట్టంలోని గాలి తీసేస్తే, ముల్లు 60 కిలోపాస్కల్‌ల దగ్గర నిలిచేదాకా తీస్తే, మట్టి పట్టుకున్న బలం కన్నా గొట్టం లాగే బలం ఎక్కువై, నీరు పింగాణీలోంచి బొట్లు బొట్లుగా లోపలికి చేరుతుంది. ఒక పూటలో అయ్యేది కాదు. ఇవాళ పీల్చి పెడితే రేపటికి ఒక గ్లాసెడు వస్తే గొప్ప.

ఈ పరికరాన్ని పాతడమే ఒక విద్య. గుంతకూ పింగాణీకీ మధ్య సందు మిగలకూడదు. అందుకని నున్నటి క్వార్ట్జ్ పిండిని నీళ్లలో కలిపి గుంతలో పోసి, అందులో మూతిని దించుతారు. తవ్వినప్పుడు చెదిరిన మట్టి, కొత్తగా విరిగిన రేణువులు నీటిని కొన్నాళ్లపాటు పాడుచేస్తాయి. కాబట్టి పాతిన వెంటనే వచ్చిన నీటిని ఎవరూ నమ్మరు, నెలల తరబడి తీసి పారబోస్తారు. పింగాణీ కూడా స్వతహాగా అల్యూమినియం, సిలికాన్‌ల సమ్మేళనమే కదా, అది నీటిలో కొంత కలుపుతుంది, కొన్ని అయాన్లను తనే పట్టుకుంటుంది. అల్యూమినియం కొలవాలనుకునేవాళ్లు టెఫ్లాన్ మూతులు వాడేది అందుకే. మా మేనకోడలికి ముఖ్యం సోడియం. దానితో పింగాణీకి పెద్ద పేచీ లేదు.

రెండు మీటర్ల గొట్టం దగ్గర మాత్రం పంపు ముల్లు నిలవలేదు. నెమ్మదిగా సున్నాకు జారిపోతోంది. బిరడా పగిలింది. వాచర్ వంగి చూసి, కాస్త దూరంలో నమిలి పారేసిన ట్యూబు ముక్కను తెచ్చి చూపించాడు. ఏనుగుల పని. మేనకోడలు నవ్వలేదు. బిరడా చుట్టూ గ్రీజు పూసి, పైన టేపు చుట్టి మళ్లీ పంపు కొట్టింది. ఈసారి ముల్లు అయిష్టంగానైనా నిలిచింది.

మంగళవారం

మళ్లీ అదే చోటికి. నాలుగు సీసాలు, నాలుగు రంగులు. 30 సెంటీమీటర్ల నీరు లేత గోధుమ రంగులో ఉంది, రాలిన ఆకులు కుళ్లి వచ్చిన సేంద్రియామ్లాల రంగు అది. లోతుకు పోయేకొద్దీ రంగు తేలిపోయి, మీటరు దగ్గర నీరు స్వచ్ఛంగా ఉంది. రెండు మీటర్లది అడుగున రెండు వేళ్ల మందమే చేరింది.

తర్వాతి గంట నిలబడే పని. పీహెచ్, క్షారత అక్కడే కొలవాలి, గదికి తీసుకెళ్లి కొలిస్తే అబద్ధం చెబుతాయి. వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే ఊపిరి వల్ల మట్టి సందుల్లోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కన్నా పది రెట్ల నుంచి వంద రెట్ల దాకా ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఉన్న నీటిని బయటికి తీయగానే వాయువు తప్పించుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. మేనకోడలు సీసా మూత తీసిన క్షణం నుంచి నేను గడియారం చూస్తూ మీటరు అంకెలు రాశాను. నా కళ్ల ముందే రెండో దశాంశం మారుతూ పోయింది. ఆ తర్వాత పలుచని హైడ్రోక్లోరికామ్లాన్ని చుక్కలు చుక్కలుగా వేసి బైకార్బొనేట్ లెక్క తేల్చింది.

మిగిలిన నీటిని సిరంజితో 0.45 మైక్రోమీటర్ల వడపోత గుండా రెండు చిన్న సీసాల్లోకి నెట్టాం. ఒకదానిలో రెండు చుక్కల నత్రికామ్లం, లోహపు అయాన్లు సీసా గోడలకు అంటుకోకుండా. రెండోదానిలో ఏమీ కలపకూడదు. అందులో క్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్ కొలవాలి, నత్రికామ్లం పోస్తే నైట్రేట్ మనం పోసిందే కనిపిస్తుంది. నలభై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠమే అయినా, అడవిలో చెమట కారుతుంటే ఏ సీసాలో ఆమ్లం పోశామో గుర్తుండేలా మూతల మీద రంగు చుక్కలు పెట్టడం ఎంత అవసరమో ఇక్కడే చూశాను.

మధ్యాహ్నం లోయలోకి దిగాం. వాలు అడుగున నేల రంగు పది అడుగుల్లో మారిపోతుంది. ఎరుపు పోయి నల్లరేగడి. రాయి ఒకటే, వాన ఒకటే, మరి రంగు మారడానికి కారణం నీటి నడక. పైన వాలు మీద నీరు దిగి వెళ్లిపోతుంది. సోడియం, కాల్షియం, సిలికా దానితోపాటే కొట్టుకుపోతాయి. మిగిలేది కయోలినైట్ అనే బీద బంకమన్ను, ఇనుప తుప్పు. కింద లోయలో నీరు ఆగుతుంది. పైనుంచి వచ్చిన సిలికా, మెగ్నీషియం, కాల్షియం అక్కడ నిలిచి స్మెక్టైట్ అనే ఉబ్బే బంకమన్నుగా కూడుకుంటాయి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్లు, వానాకాలంలో బూటు వదలని జిగట, రెండూ స్మెక్టైట్ చలవే. పగులు వచ్చినప్పుడు పింగాణీ మూతి గాల్లో వేలాడుతుంది, నీరు రాదు. నల్లరేగడిలో ఏడాది పొడవునా నమూనాలు తీశామని ఎవరైనా అంటే నేను కొంచెం అనుమానిస్తాను.

పగులు గోడలో తెల్లటి గుండ్లు కనిపించాయి, బఠాణీ గింజంత నుంచి నిమ్మకాయంత. మేనకోడలు ఒకదాని మీద ఆమ్లం చుక్క వేసింది. బుసబుస పొంగింది. కాల్సైట్, సున్నపు గుండు. రాతిలో లేదు, ఇక్కడే మట్టిలో పుట్టింది. రాతిలోంచి, దుమ్ములోంచి, వానలోంచి వచ్చిన కాల్షియం ఎండాకాలంలో నీరు ఆవిరై గడ్డకట్టింది. ఇది ఆమె లెక్కకు పెద్ద అడ్డంకి. కాల్సైట్ రాతిలోని సిలికేటు ఖనిజాల కన్నా లక్షల రెట్లు వేగంగా కరుగుతుంది. మట్టి నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువగా కనిపించాయని రాయి వేగంగా శిథిలమవుతోందనుకుంటే, మనం కొలిచింది పోయిన ఎండాకాలం పేర్చుకున్న సున్నాన్ని కావచ్చు.

వాగులో నీళ్లు లేవు. పెద్ద వాన తర్వాత కాసేపు పారి ఆగిపోతుందట. భూగర్భజలం వాగు అడుగుకు చాలా లోతున ఉంది, రెండింటికీ సంబంధం తెగిపోయింది. శిథిలమైన పొర మందం ఇక్కడ సగటున 17 మీటర్లు, అందులో పై రెండు మీటర్లే మనం మట్టి అనేది, కిందంతా మెత్తబడిన రాయి, మొరం. కాబట్టి వాగు నీరు ఆ లోతు కథ చెప్పదు. పారే నీటిని కొలిచి పరీవాహకమంతా లెక్కవేసే పద్ధతి 1963లో అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో మొదలై ప్రపంచమంతా పాకింది. ఏడాది పొడవునా పారే ఏరు ఉన్నచోట అది చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ మట్టిలోకి దిగక తప్పదు.

బుధవారం

రాత్రంతా వాన. వాచర్ ఫోను చేసి ఇవాళ రావద్దన్నాడు. దారిలో ఏనుగుల గుంపు ఉంది, ఎప్పుడు కదులుతుందో తెలియదు. గదిలో కూర్చుని పాత అంకెలు ముందేసుకున్నాం. నిజానికి ప్రయాణమంతటిలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

"ఈ నీటిలో రాయి వాటా ఎంత?" అన్నదే ప్రశ్న. సీసాలో ఉన్నదంతా రాయిది కాదు. వాన ఉత్త నీరు కాదు, సముద్రపు ఉప్పును, దుమ్మును మోసుకొస్తుంది. చెట్టు నీటిని తాగి ఉప్పును వదిలేస్తుంది. ఆకు రాలి కుళ్లి తను తీసుకున్నదాన్ని తిరిగిస్తుంది. బంకమన్ను ఒక అయాన్‌ను పట్టుకుని ఇంకొకదాన్ని వదులుతుంది. వీటన్నిటినీ తీసివేస్తేనే ఖనిజం మిగులుతుంది. ఈ విద్య మొత్తం తీసివేతే.

మొదటి తీసివేతకు క్లోరైడ్ సాయం. నైస్ శిలలో క్లోరైడ్ దాదాపు లేదు. చెట్లు పెద్దగా తీసుకోవు, బంకమన్ను పట్టుకోదు. వానతో వచ్చింది వచ్చినట్టే నీటితో దిగుతుంది. కానీ దిగే దారిలో నీటిలో ఎక్కువ భాగాన్ని చెట్లు తాగేస్తాయి, మిగిలిన నీటిలో క్లోరైడ్ చిక్కబడుతుంది. చారు మరిగినకొద్దీ ఉప్పదనం పెరిగినట్టే. ఎంత చిక్కబడిందో చూస్తే ఎంత నీరు మిగిలిందో తెలుస్తుంది.

లెక్క నడిచే తీరు తెలియడానికి మేనకోడలు గుండ్రటి అంకెలు తీసుకుంది. ఇవి కొలిచినవి కావు, ఉదాహరణ మాత్రమే. వానలో లీటరుకు 20 మైక్రోమోల్‌ల క్లోరైడ్ ఉందనుకుందాం. రెండు మీటర్ల లోతు నీటిలో 200 ఉంది. పది రెట్లు చిక్కబడింది. అంటే 1100 మిల్లీమీటర్ల వానలో 110 మిల్లీమీటర్లే ఆ లోతు దాటి కిందికి పోతోంది, చదరపు మీటరుకు 110 లీటర్లు. అదే నీటిలో సోడియం 400 ఉందనుకుందాం. సముద్రపు నీటిలో ప్రతి 100 క్లోరైడ్‌లకు 86 సోడియం అయాన్లు ఉంటాయి. కాబట్టి 200 క్లోరైడ్‌తోపాటు వచ్చిన సోడియం 172. తీసేస్తే 228 మిగిలింది. ఇది రాయిది. 110 లీటర్లతో గుణిస్తే చదరపు మీటరుకు ఏటా 25 మిల్లీమోల్‌లు. ఇదంతా ఆల్బైట్ అనే సోడియం ఫెల్స్‌పార్ ఖనిజం నుంచే వచ్చిందనుకుంటే, ఏటా ఆరున్నర గ్రాముల ఆల్బైట్ కరిగింది. సాంద్రతతో భాగిస్తే వెయ్యేళ్లకు రెండున్నర మిల్లీమీటర్ల మందం. రాతిలో పావు వంతు ఆల్బైట్ అయితే, వెయ్యేళ్లకు ఒక సెంటీమీటరు రాయి తన ఫెల్స్‌పార్‌ను పోగొట్టుకుంటుంది.

నేను కాగితం తిప్పి మళ్లీ చేశాను. అంతే వచ్చింది. ఒక గ్లాసు నీటి నుంచి వెయ్యేళ్ల రాతి దాకా ఒక్క పేజీలో వెళ్లవచ్చు. ఆ పేజీలో ఎన్ని అనుకోవడాలు దాగి ఉన్నాయో లెక్కపెట్టడానికే మిగిలిన మధ్యాహ్నమంతా పట్టింది.

సోడియమే ఎందుకు? పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం చెట్టుకు కావాలి. చెట్టు వేళ్లతో తీసుకుని, ఆకుతో రాల్చి, మళ్లీ తీసుకుంటూ ఉంటుంది. అడవి ఎదుగుతున్న కాలంలో వాటిని దాచుకుంటుంది, కాలిపోతే ఒక్కసారి వదిలేస్తుంది. ఈ అడవిలో ఎండాకాలపు కార్చిచ్చులు కొత్త కాదు. సిలికా పరిస్థితి ఇంకా చిత్రం. గడ్డి జాతులు సిలికాను పీల్చుకుని తమ కణాల్లో గాజు పలుకుల్లా పేర్చుకుంటాయి. గడ్డి కుళ్లాక ఆ పలుకులు ఖనిజాల కన్నా తేలిగ్గా కరుగుతాయి. పై పొర నీటిలో కనిపించే సిలికాలో చాలా భాగం నిన్న గడ్డిలో ఉన్నదే. సోడియాన్ని మాత్రం ఈ చెట్లు పెద్దగా పట్టించుకోవు. అందుకే సాక్ష్యం దానిది.

సాక్ష్యాన్ని సరిచూసుకునే మార్గమూ ఉంది. ఆల్బైట్ కరిగి కయోలినైట్‌గా మారితే ప్రతి సోడియానికి రెండు సిలికా అణువులు నీటిలో చేరాలి. స్మెక్టైట్ ఏర్పడితే సిలికా కొంత బంకమన్నులోనే ఉండిపోతుంది కాబట్టి నిష్పత్తి తగ్గుతుంది. 1967లో గారెల్స్, మెకెంజీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు సియెర్రా నెవాడా ఊటల నీటితో సరిగ్గా ఈ ఆటే ఆడారు. ఊట నీటిలోంచి మంచు తెచ్చినదాన్ని తీసేసి, మిగిలిన అయాన్లను కయోలినైట్‌తో కలిపి కాగితం మీద ఫెల్స్‌పార్‌ను తిరిగి తయారుచేశారు. లెక్క దాదాపు సరిపోయింది. కంప్యూటర్ లేని ఆ లెక్కను నేను తరగతిలో చెప్పేవాణ్ణి. దాన్ని ఒక మట్టి సీసా పక్కన పెట్టుకుని చూడడం మాత్రం ఇప్పుడే.

ఇంకొక మెలిక. పై నుంచి కింది దాకా ఒకే అంకె తీసుకుంటే ఎక్కడ శైథిల్యం జరుగుతోందో తెలియదు. 60 సెంటీమీటర్ల నీటిలో రాతి సోడియం ఎంత, రెండు మీటర్లలో ఎంత, ఆ పెరుగుదలను దిగే నీటితో గుణిస్తేనే మధ్య పొర పని బయటపడుతుంది. పై పొరల్లో ఫెల్స్‌పార్ ఎప్పుడో అయిపోయి ఉండవచ్చు. అసలు పని మొరంలో జరుగుతూ ఉండవచ్చు. ఏనుగులు నమిలిన రెండు మీటర్ల గొట్టం గురించి ఆమె నిన్న ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసింది.

గురువారం

అడవి తెరుచుకుంది కానీ గొట్టాల దగ్గరికి పోలేదు. బోరు వేసి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో వరసగా పేర్చి ఉన్నాయి, వాటిని చూశాం. అడుగు కడ్డీ బూడిద రంగు నైస్, సుత్తి దెబ్బకు ఖణేల్ మంటుంది. దానిలో నల్ల అభ్రకం చారలు, మధ్య మెరిసే ఫెల్స్‌పార్, గాజులాంటి క్వార్ట్జ్. పైకి వచ్చేకొద్దీ చారలు అలాగే ఉన్నాయి, కానీ అభ్రకం రాగి రంగులోకి తిరిగింది, ఫెల్స్‌పార్ తెల్లబడింది. మరో పెట్టెలో గోరు పెట్టి గీస్తే ఫెల్స్‌పార్ పిండిలా రాలింది. క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఖనిజాలు ఏ వరసలో లొంగిపోతాయో 1938లో గోల్డిచ్ అనే భూశాస్త్రవేత్త చెప్పిన పట్టిక నా వేలి కింద ఉంది.

ఈ కడ్డీలు ఇంకో లెక్కకు పనికివస్తాయి. టైటానియం, జిర్కోనియం వంటివి నీటిలో దాదాపు కరగవు. చుట్టుపక్కలవన్నీ పోతుంటే వీటి వాటా పెరుగుతుంది. తాజా రాతిలో సోడియానికీ జిర్కోనియానికీ ఉన్న నిష్పత్తిని మట్టిలోని నిష్పత్తితో పోల్చితే ఎంత సోడియం పోయిందో తెలుస్తుంది. ఎంత కాలంలో పోయిందో చెప్పడానికి క్వార్ట్జ్‌లో విశ్వకిరణాలు పుట్టించే బెరీలియం-10 అనే రేడియోధార్మిక పరమాణువు కావాలి. దాని అర్ధాయువు 13.9 లక్షల ఏళ్లు. అలా వచ్చే వేగం వేల, లక్షల ఏళ్ల సగటు. మట్టి నీరు చెప్పేది ఈ కొద్ది ఏళ్ల వేగం. రెండూ ఒకటి కానక్కర్లేదు. వానలు మారాయి, అడవి మారింది, మంచుయుగాలు వచ్చి పోయాయి. రెండూ సరిపోలనంత మాత్రాన ఒకటి తప్పని తీర్మానించేవాళ్ల తొందర నాకు నచ్చదు.

అంతకన్నా పాత పేచీ ప్రయోగశాలతో. అదే ఫెల్స్‌పార్‌ను దంచి బీకరులో కరిగిస్తే, నేలలో కన్నా వంద నుంచి లక్ష రెట్లు వేగంగా కరుగుతుంది. 2003లో ఆర్ట్ వైట్, సూసన్ బ్రాంట్లీ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ తేడా మీద ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. అమెరికాలోని పనోలా అనే చోటి గ్రానైటును గాజు స్తంభాల్లో ఆరేళ్లకు పైగా నీటితో కడుగుతూ చూశారు. కాలం గడిచినకొద్దీ వేగం తగ్గుతూనే పోయింది. కొత్తగా విరిగిన ముఖం త్వరగా కరుగుతుంది. పాతబడిన ముఖం మీద గుంటలు, పూతలు ఏర్పడతాయి. మట్టిలో నీరు ఇప్పటికే సోడియం, సిలికాలతో దాదాపు నిండి ఉంటుంది కాబట్టి ఇంకా కరిగించుకునే ఆకలి దానికి తక్కువ. పైగా ఖనిజం ఉపరితలం ఎంత అన్నది కూడా ఒక వివాదమే. నైట్రోజన్ వాయువును అంటించి కొలిస్తే గుంటల లోపలి గోడలు కూడా లెక్కలోకి వస్తాయి. నీరు నిజంగా తాకేది అందులో ఎంత?

సాయంత్రం అడవి అంచు దాటి బేరంబాడి వైపు వెళ్లాం. అదే రాయి, అదే ఎర్ర నేల, కానీ పొలాలు. పసుపు, బంతిపూలు, ప్రతి చేనులో బోరు. ఇక్కడ క్లోరైడ్ లెక్క ఒక్క దెబ్బకు కూలిపోతుంది. పొటాష్ ఎరువు పొటాషియం క్లోరైడే. పైగా బోరు నీటిని తోడి పెట్టడం, అది మళ్లీ ఇంకడం, మళ్లీ తోడడం. వాన తెచ్చింది ఏదో, సంచిలోంచి వచ్చింది ఏదో విడదీయలేం. అమ్మోనియం ఎరువు మట్టిలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, అది కూడా ఖనిజాలను తింటుంది. మామూలుగా రాయిని కరిగించేది కార్బన్ డయాక్సైడే, అది బైకార్బొనేట్‌గా మారి నీటిలో పట్టుబడుతుంది. ఎరువు ఆమ్లంతో అలా కాదు, ఖనిజం కరుగుతుంది కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గదు. వాతావరణ మార్పును తగ్గించడానికి పొలాల్లో బసాల్ట్ పొడి చల్లే పథకాలు ఇప్పుడు చాలాచోట్ల నడుస్తున్నాయి. ఎంత కార్బన్ పట్టుబడిందో చెప్పడానికి అవి కూడా మట్టి నీటినే ఆశ్రయిస్తున్నాయి. సోడియం ఎంత పెరిగిందని అడిగే ముందు ఆ పొలంలో ఏ ఎరువు పడిందని అడగాలి.

శుక్రవారం

తిరుగు ప్రయాణం. ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం

బెంగళూరు ప్రయోగశాల. అయాన్లను విడదీసి కొలిచే అయాన్ క్రొమటోగ్రాఫ్ యంత్రం ఒక్కో నమూనాకు పావుగంట తీసుకుంటుంది, మధ్యలో సరిచూసుకోవడానికి శుద్ధజలం, గాఢత ముందే తెలిసిన ప్రమాణ ద్రావణం. మధ్యాహ్నానికి తెర మీద శిఖరాలు నిలబడ్డాయి. ముందుగా చూసేది సోడియం కాదు, ఆవేశాల తూకం. నీటిలో ధనావేశాలు, రుణావేశాలు సమానంగా ఉండి తీరాలి. తేడా ఐదు శాతం దాటితే ఏదో కొలవలేదని అర్థం.

ఎర్ర నేల 60 సెంటీమీటర్లు, మీటరు నమూనాలు తూగాయి. 30 సెంటీమీటర్లది తూగలేదు, ధనావేశాలు ఎక్కువ. అది ఆ లేత గోధుమ రంగు నీరే. సేంద్రియామ్లాల రుణావేశం ఈ యంత్రానికి కనిపించదు. కరిగిన సేంద్రియ కార్బన్‌ను విడిగా కొలిచి ఆ లోటు పూడ్చుకోవచ్చు. ఆ సీసాను పక్కకు తీసి పెట్టింది. రెండు మీటర్లది తూగింది, నీరు తక్కువే వచ్చినా. అయితే దానిలో క్లోరైడ్ మీటరు లోతు నీటిలో కన్నా తక్కువగా ఉంది. మేనకోడలు చాలాసేపు ఆ అంకె వైపు చూసింది. నీరు వాన పడినప్పుడల్లా మట్టి మధ్యలోంచి నెమ్మదిగా ఇంకదు. వేరు పోయిన దారిలోనో, చెదల పుట్ట సందులోనో దూకి నేరుగా కిందికి చేరుతుంది కూడా. అలా వచ్చిన పలుచని నీరైతే లెక్క ఒకటి. బిరడా పక్కనుంచి వాన నీరు కారితే లెక్క ఇంకొకటి.

"రెండు మీటర్ల గొట్టం పక్కనే ఇంకొకటి పాతుతాను, మామయ్యా. డిసెంబరులో, ఈశాన్య వానలు ఆగాక. దానికి పైన ఇనుప మూత పెట్టిస్తాను," అంది.

కొత్తగా పాతినదాని నీరు వచ్చే వానాకాలం దాకా పారబోయాల్సిందే కదా అన్నాను. అవునని తలూపి, రెండు మీటర్ల అంకెల పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి, నల్లరేగడి సీసా అందుకుంది.